ప్రయాణమైనా తల్లిపాలే చాలు

ప్రశ్న: మా బాబుకి నాలుగో నెల. ఆడపడుచు పెళ్లికి విశాఖ నుంచి సికింద్రాబాద్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాలి. నలుగురిలో పాలివ్వడం బాగుండదని, రైలు దిగేదాకా డబ్బాపాలు పట్టమంటున్నారు అత్తయ్యగారు. ఎండలకి కాచిన నీళ్లు కూడా పట్టాలట. ఎండన పడి వచ్చి వెంటనే పాలిస్తే బిడ్డకి వేడి చేస్తుందా?
– ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: మీ అత్తయ్యగారు మనవడి మీద ప్రేమతోనే అంటున్నారమ్మా. కానీ డబ్బాపాలకి మాత్రం ఒప్పుకోకండి. పాలపొడిలో క్రిములు ఉండే వీలుంది. అందుకే కాచిన నీళ్లు 70 డిగ్రీలకంటే చల్లారకముందే పొడి కలపాలి. సీసా, పాలపీక ప్రతిసారీ కడిగి మరిగించాలి. రైల్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? ఇంట్లో కలిపి ఫ్లాస్కులో పోసుకున్న పాలు మరీ ప్రమాదం. పెళ్లింట్లో పసివాడికి విరేచనాలు పట్టుకుంటే చూడటం ఎవరి తరం?

ఇంకో సంగతి. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి, చీకడం తగ్గితే ఊరడమూ తగ్గుతుంది. ఒక్క రాత్రికి పాలు ఎండిపోవు, నిజమే. కానీ రైల్లో మొదలైన సీసా పెళ్లింట్లోనూ సాగుతుంది. ‘పాలు చాలట్లేదు డాక్టరుగారూ’ అంటూ నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామందికి ఇబ్బంది ఇలాగే మొదలైంది.

ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తల్లిపాలలో వందకి 88 వంతులు నీళ్లే. ఎండాకాలంలో ఎక్కువసార్లు పాలిస్తే బిడ్డ దాహం తీరిపోతుంది. ఇక ‘వేడి పాల’ భయం. మీరు ఎండలో ఎంతసేపు నిలబడ్డా పాలు చెడవు, మొదటి పాలు పిండి పారబోయాల్సిన పనీ లేదు. నీడన కూర్చుని, మీరు కాసిని నీళ్లు తాగి, బిడ్డని రొమ్ముకి పట్టండి.

టికెట్ తీసేటప్పుడే మీకు కింది బెర్తు అడగండి. రాత్రి పక్కకి తిరిగి పడుకుని, బిడ్డని గోడవైపు ఉంచి పాలివ్వండి, అంచువైపు వద్దు. ఆ చిన్న బెర్తు మీద బిడ్డ పక్కనుండగా మీరు గాఢనిద్రలోకి జారుకోకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ముందువైపు జిప్పున్న కుర్తా, పలచటి నూలు చున్నీ ఉంటే చాలు. చున్నీ బిడ్డ ముఖం మీద బిగుతుగా పడకూడదు, ముక్కు కనబడుతూ ఉండాలి. అత్తయ్యగారినే పక్కన కూర్చుని చాటుగా ఉండమనండి. అడిగితే కాదనరు. బాత్రూములోకి వెళ్లి ఇవ్వమంటే మాత్రం వినకండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తున్నాను. పాపకి ఎనిమిది నెలలు. పాపని అమ్మ దగ్గర వదిలి మూడు రోజులు ట్రైనింగ్‌కి హైదరాబాద్ వెళ్లాలి. ఈ వంకతో పాలు మాన్పించేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– ఓ ఉద్యోగిని, అనంతపురం

జవాబు: మాన్పించాల్సిన అవసరమే లేదు. పాప ఎలాగూ ఉగ్గు, మెత్తటి అన్నం తింటూ ఉంటుంది. మిగతాది మీరు పిండి దాచిన పాలతో గడిచిపోతుంది. బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచీ రోజూ కాసిని పిండి, చిన్న డబ్బాల్లో పోసి, తేదీ రాసి ఫ్రీజర్‌లో లోపలివైపు పెట్టండి. తలుపు దగ్గర వద్దు. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఐసుప్యాకులున్న సంచిలో 24 గంటలు నిలవ ఉంటాయి. మన ఎండల్లో ఆ నాలుగు గంటలు కూడా నమ్మొద్దు.

ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చమనండి. పైన మీగడలా తేలితే పాలు విరిగాయని అమ్మ కంగారుపడొచ్చు. అది కొవ్వు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్ అసలే వద్దు. సీసా లేకపోయినా ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. కరిగిన పాలు ఆ రోజే వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

అక్కడ మీరు మూడు నాలుగు గంటలకోసారి పాలు తీసెయ్యాలి. పంపు లేకపోయినా చెయ్యి చాలు. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, నల్లటి వలయం అంచుకి కాస్త వెనగ్గా పెట్టండి. ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలండి. చర్మం మీద రుద్దొద్దు. మొదట చుక్కలే వస్తాయి, రెండు మూడు నిమిషాల్లో ధార కడుతుంది. క్లాసు మధ్యలో లేవడానికి మొహమాటపడకండి. పైవాళ్లకి ముందే చెప్పి, తలుపు వేసుకునే గది అడగండి. దాచే వీల్లేక ఆ పాలు పారబోయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. అయినా తీయడం మానకండి. నిండిన రొమ్ముని అలా వదిలేస్తే గడ్డకడుతుంది. ఒకచోట ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించుకోండి. అప్పుడూ పాలివ్వడం ఆపనక్కర్లేదు.

తిరిగొచ్చాక పాప ఒకటి రెండు రోజులు మొరాయించొచ్చు. నిద్రమత్తులో ఉన్నప్పుడు దగ్గరికి తీసుకోండి, మళ్లీ అందుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఐదు నెలల మనవరాలితో డాలస్ వెళ్తోంది. విమానంలో చెవులు నొప్పెడతాయట. పిండిన పాలు తీసుకెళ్లనిస్తారా?
– ఓ అమ్మమ్మ, గుంటూరు

జవాబు: విమానం పైకి లేచేటప్పుడు, ముఖ్యంగా కిందికి దిగేటప్పుడు పాప పాలు తాగుతూ ఉంటే మంచిది. గుటక వేసినప్పుడల్లా చెవిలోని గాలి సర్దుకుంటుంది. దిగడం నేల తాకడానికి అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి అప్పటికి పాప కాస్త ఆకలిమీద ఉండేలా చూసుకోమనండి. తల్లి పక్కనుంటే పిండిన పాలు అసలు అవసరం లేదు. ఉన్నా భయం లేదు. అమెరికా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల నియమం తల్లిపాలకి వర్తించదు, తనిఖీలో ముందే చెప్పి విడిగా చూపిస్తే చాలు. ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్లినా పాలకి ఏమీ కాదు. అక్కడ దిగాక ఇంటికి వెళ్లేటప్పుడు పాప కారు సీట్లోనే ఉండాలి. ఏడిస్తే కారు ఆపి, పాలిచ్చి, మళ్లీ బెల్టు పెట్టాకే బయల్దేరమనండి.