ఈమెయిలుకు సీలు: పంపినవారెవరో తేల్చుకొనే పద్ధతి



పాలబిల్లుల వివరాలు, దాణా ఇండెంట్లు, సర్క్యులర్లు ఇప్పుడు ఈమెయిలులోనూ వస్తున్నాయి. "మా ఖాతా మారినది, దాణా సొమ్ము ఇకమీదట ఈ క్రొత్త ఖాతాకు జమ చేయగలరు" అని జిల్లా యూనియన్ చిరునామాతో ఒక ఉత్తరం వచ్చిందనుకుందాం. కార్యదర్శి నమ్మి సొమ్ము కట్టాడు. తీరా చూస్తే ఆ ఉత్తరం యూనియన్ వారు వ్రాసినది కాదు. పోయిన సొమ్ము తెల్లవారుజామున లేచి పాలు పోసిన సభ్యులది. కావున ఈ పాఠం కంప్యూటరు గుమాస్తాలకే కాదు, అందరికీ అవసరం.

ఈమెయిలు పంపే పద్ధతికి ఎస్.ఎం.టి.పి. అని పేరు. దాని నియమాలు 1982లో వెలువడ్డాయి. పంపినవారి పేరు నిజమా కాదా అని పరీక్షించే ఏర్పాటు వాటిలో లేదు. పోస్టు కవరు వెనుక ఎవరి పేరైనా వ్రాయవచ్చు గదా, ఇదీ అంతే. ఈ లోటు తీర్చటానికి తరువాత మూడు ఏర్పాట్లు వచ్చాయి.

1. ఎస్.పి.ఎఫ్. ఇది రూటు వ్యాన్ల జాబితా వంటిది. చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాత ఉండే భాగాన్ని డొమైను అంటారు. మన డొమైను పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏ సర్వర్లకు ఉన్నదో డి.ఎన్.ఎస్. అనే బహిరంగ రిజిస్టరులో వ్రాసి ఉంచాలి. ఒక డొమైనుకు ఒకే జాబితా ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు.

2. డి.కె.ఐ.ఎం. ఇది క్యానుకు వేసే సీలు. సర్వరులోని రహస్య తాళంచెవితో ప్రతి ఉత్తరానికీ సంతకం పడుతుంది. దాని జత చెవి డి.ఎన్.ఎస్.లో అందరికీ కనబడుతుంది. దారిలో ఉత్తరంలోని ఒక్క అంకె మార్చినా సంతకం సరిపోదు. 2048 బిట్ల చెవి వాడటం మంచిది. రహస్య చెవిని ఎవరికీ ఇవ్వరాదు.

3. డిమార్క్. ఇది శీతలీకరణ కేంద్రానికి ఇచ్చే ఉత్తర్వు వంటిది. పై రెంటిలో ఒక్కటైనా నెగ్గాలి. నెగ్గిన డొమైను, చదివేవారికి కనిపించే డొమైను ఒకటే కావాలి. లేనిచో ఏమి చేయాలో మనమే చెప్పవచ్చు: చేర్చి నివేదిక మాత్రం పంపమనటం, అనుమానపు పెట్టెలో వేయమనటం, తిరస్కరించమనటం.

మొదటి రోజే తిరస్కరించమని వ్రాయరాదు. బిల్లులు పంపే సాఫ్ట్‌వేరు వంటిది ఒకటి జాబితాలో చేరక మిగిలిపోతే, మన ఉత్తరాలే తిరిగిపోతాయి. ముందు నివేదికలు మాత్రమే కోరాలి. కొన్ని వారాలు వాటిని చదివి, మన సర్వర్లన్నీ నెగ్గుతున్నవని తేలాక కట్టుదిట్టం చేయాలి.

పరీక్ష రెండు విధాలుగా చేయాలి. మన ఉత్తరాలు వెళ్ళే ప్రతి చోటి నుండీ ఒక జీమెయిల్ ఖాతాకు ఉత్తరం పంపి, 'షో ఒరిజినల్' నొక్కి చూడాలి. మూడింటి ఎదుట 'పాస్' అని ఉండాలి. పిదప జాబితాలో లేని సర్వరు నుండి, సీలు లేకుండా, మన డొమైను పేరుతో మన ఖాతాకే ఒకటి పంపాలి. అది తప్పాలి. నీళ్ళు కలిసిన పాలను పట్టినప్పుడే గదా లాక్టోమీటరును నమ్ముతాము!

2024 ఫిబ్రవరి నుండి, రోజుకు అయిదు వేలకు మించి జీమెయిల్ ఖాతాలకు ఉత్తరాలు పంపేవారికి గూగుల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. తక్కువ పంపేవారికి మొదటి రెంటిలో ఒకటి ఉండాలి. సంఘం మామూలు జీమెయిల్ చిరునామా వాడుతుంటే ఈ పని గూగులే చూసుకుంటుంది. సొంత డొమైను ఉన్న యూనియన్లు, సంఘాలు తామే చేసుకోవాలి.

ఒక హెచ్చరిక. సీలు చూసి క్యాను ఎక్కడిదో చెప్పగలం గాని, లోపలి పాల వెన్న శాతం చెప్పలేము. మోసగాడు ఒక్క అక్షరం తేడాతో వేరే డొమైను కొని, దానికి మూడు ఏర్పాట్లూ చేసుకోగలడు. కాబట్టి ఖాతా మారిందని ఎవరు వ్రాసినా, ఆ ఉత్తరంలోని నంబరుకు కాక, మన రిజిస్టరులోని పాత నంబరుకు ఫోను చేసి అడగాలి. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ తెలపాలి.

వచ్చే సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు:

1. మన సంఘం పేరుతో ఉత్తరాలు ఎక్కడెక్కడి నుండి వెళుతున్నాయి?
2. మనకు సొంత డొమైను ఉంటే పై రెండు పరీక్షలూ జరిగాయా?
3. ఖాతా మార్పు ఉత్తరం వస్తే ఫోను చేసి నిర్ధారించే బాధ్యత ఎవరిది? మినిట్సులో వ్రాశామా?