డిజైనర్ కళ్లతో గేమ్ ఇంజిన్

ఏ గేమ్ ఇంజిన్ నేర్చుకోవాలని మన సీఎస్ఈ వాళ్లని అడిగితే మాట వెంటనే లాంగ్వేజ్ మీదకీ, గ్రాఫిక్స్ మీదకీ, ప్లేస్‌మెంట్స్ మీదకీ వెళ్తుంది. ఇవన్నీ ప్రోగ్రామర్ ప్రశ్నలు. డిజైనర్‌గా నేను ముందు అడిగేది ఒకటే: ఆటలో ఒక రూల్ మారిస్తే, దాన్ని ఎంతసేపట్లో ఆడి చూడగలను?

పులి-మేక ఆటే తీసుకోండి. 3 పులులు, 15 మేకలు. పులుల్ని 4 చేస్తే మేకలు గెలవగలవా? ఇది అచ్చమైన డిజైన్ ప్రశ్న. సుద్దముక్కతో గీసి, చింతగింజలు పెట్టి నాలుగాటలు ఆడితే ఒక అంచనా వస్తుంది. దానికి ఇంజిన్ అక్కర్లేదు. గెంతు ఎంత ఎత్తుండాలి, శత్రువు ఎంత వేగంగా రావాలి లాంటివి మాత్రం నేలమీద తేలవు. అక్కడ ఇంజిన్ కావాలి.

ఏ ఇంజిన్ అన్నది ఆటని బట్టి ఉంటుంది. చదివేవాళ్లు దారి ఎంచుకుంటూ వెళ్లే కథైతే ట్వైన్ చాలు, కోడ్ దాదాపు అక్కర్లేదు. బొమ్మలు, డైలాగులతో నడిచేదైతే రెన్‌పై. 2డీ ఆటకి గేమ్‌మేకర్ లేదా గొడో. 3డీ అయితే అన్‌రియల్‌లో బ్లూప్రింట్స్ ఉన్నాయి: డబ్బాల్ని గీతలతో కలిపి లాజిక్ కట్టొచ్చు.

2015లో వచ్చిన అండర్‌టేల్‌ని టోబీ ఫాక్స్ గేమ్‌మేకర్‌లోనే చేశాడు. బొమ్మలు చాలా సాదాగా ఉంటాయి. కానీ ఎదురైన రాక్షసుల్ని ఒక్కర్నీ చంపకుండా ఆట పూర్తి చేయొచ్చు. జనం గుర్తుపెట్టుకున్నది ఆ రూల్‌ని.

తెలుగులో గేమ్ రాయాలనుకునే మనకి ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ తెరిచి, తెలుగు ఫాంట్ పెట్టి, ముందు 'స్త్రీ', 'జ్యోత్స్న' అని టైప్ చేయండి. కొన్నింట్లో ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ట్వైన్ కథ వెబ్ పేజీగా బయటికొస్తుంది కాబట్టి అక్షరాల సంగతి బ్రౌజరే చూసుకుంటుంది. గొడోలో 2023లో వచ్చిన 4.0 నుంచి మన లిపి లాంటివాటికి సపోర్ట్ ఉంది. ఇంజిన్‌కి తెలుగు రాదని కథని ఇంగ్లీషులోకి మార్చేకంటే ఇంజిన్‌ని మార్చడం నయం.

ఇంకా తేల్చుకోలేకపోతే రెండు ఇంజిన్లు తీసుకుని, రెండింట్లోనూ ఒకే ఒక్క రూల్ కట్టండి. దాన్ని ఐదుసార్లు మార్చి ఆడండి. ఆరోసారి కూడా మార్చాలనిపించింది ఎందులోనో, అదే మీ ఇంజిన్.