ఈ గోడ ఎంత కష్టం?

వైకుంఠపాళిలో పాము ఎక్కడుందో, నిచ్చెన ఎక్కడుందో ఆట మొదలుకాకముందే పటం మీద గీసి ఉంటుంది. మరి పటమే లేని ఆటలో కష్టసుఖాలను ఎవరు నిర్ణయిస్తారు?

అటువంటి ఆట ఒకటుంది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించారు. 1974లో అచ్చయింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ – ఇలా తలా ఒక పాత్ర. ఒకరు మాత్రం కథ నడుపుతారు. అతనిని నిర్వాహకుడు అందాం.

మీరే నిర్వాహకులనుకోండి. “ఎదురుగా పాత కోటగోడ ఉంది” అన్నారు. వెంటనే దొంగ పాత్రధారి “నేను ఎక్కుతాను” అన్నాడు. ఆ గోడ ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడే మీ నోట పుట్టింది. దాన్ని ఎక్కడం ఎంత కష్టమో మీరు అప్పటికప్పుడు ఒక అంకెతో చెప్పాలి.

2014లో వచ్చిన నియమాల ప్రకారం అతి సులభమైన పనికి 5, సులభానికి 10, మధ్యరకానికి 15, కష్టానికి 20, చాలా కష్టానికి 25, దాదాపు అసాధ్యానికి 30. ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు తన నేర్పు అంకెను కలుపుతాడు. మొత్తం మీరు చెప్పిన అంకెకు సమానమైనా, మించినా గోడ ఎక్కినట్లే.

లెక్క చూద్దాం

గోడకు 15 అన్నారు. దొంగ నేర్పు 3. అంటే పాచిక మీద 12 గాని అంతకన్నా ఎక్కువ గాని పడాలి. 12 నుంచి 20 వరకు 9 ముఖాలున్నాయి. ఇరవైలో తొమ్మిది, అంటే నూటికి 45 పాళ్లు. గోడను 10 చేస్తే అవకాశం నూటికి 70. 20 చేస్తే నూటికి 20. మీరు ఒక్క అంకె పెంచితే అవకాశం 5 పాళ్లు తగ్గుతుందన్నమాట.

మూడు జాగ్రత్తలు

మొదటిది: అంకె గోడను చూసి చెప్పాలి గాని ఎక్కేవాడిని చూసి కాదు. దొంగ నేర్పు 3 నుంచి 8కి పెరిగిందని మీరు గోడను 15 నుంచి 20కి పెంచారనుకోండి. ఇప్పుడూ 12 పడాల్సిందే. పాపం, అతను నేర్చుకున్నదంతా వృథా! గోడ తడిసి నాచు పట్టి ఉంటే పెంచండి. పై నుంచి తాడు వేలాడుతుంటే తగ్గించండి. అది న్యాయం.

రెండవది: ఒకే పనికి పదేపదే పాచిక వేయించకండి. నూటికి 70 పాళ్ల అవకాశం మంచిదే కదా! కాని ఒకే గోడకు మూడుసార్లు వేయించి, మూడుసార్లూ గెలవాలంటే? 0.7 × 0.7 × 0.7 = 0.343. అంటే నూటికి సుమారు 34. సులభమైన గోడ తెలియకుండానే కష్టమైపోయింది!

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ముందు అంకె, తర్వాత పాచిక. పాచిక పడ్డాక స్నేహితుడి మీద జాలితో అంకె తగ్గించినా, కోపంతో పెంచినా, ఫలితం నిర్ణయించింది పాచిక కాదు, మీరు. ఆ సంగతి ఒకసారి తెలిస్తే మీ మాటను ఇక ఎవరూ నమ్మరు. కనుక అంకెను అందరికీ వినపడేలా ముందే చెప్పండి.

మీరే చేసి చూడండి

ఇరవై ముఖాల పాచిక లేదా? ఇరవై చీటీల మీద 1 నుంచి 20 వరకు రాసి డబ్బాలో వేయండి. చూడకుండా ఒకటి తీసి, అంకె రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసి కలపండి. ఇలా నూరుసార్లు చేయండి. 12 గాని, అంతకు మించి గాని ఎన్నిసార్లు వచ్చింది? సరిగ్గా 45 రాకపోవచ్చు, కాని సాధారణంగా దానికి దగ్గరలోనే ఉంటుంది. తరగతిలో పదిమంది కలిసి వేయిసార్లు తీస్తే సగటు 45 పాళ్లకు ఇంకా దగ్గర కావడం చూస్తారు.