నిలుచు అంగడి

కొత్త అంగడికి మొదటినాడు జనము వేడుక చూడ వత్తురు. మరల మరల వచ్చువారే ఖాతాదారులు. సాంఘిక మాధ్యమములకును ఇదే సూత్రము. ఆర్కుట్, ఫేస్‌బుక్ రెండును 2004లోనే పుట్టినవి. మన దేశమున మొదట ఆర్కుటే ప్రచారము పొందినది. స్నేహితులు ఫేస్‌బుక్కునకు తరలిపోగా అది 2014 సెప్టెంబరు 30న మూతపడినది. మనవారున్న చోటనే మనమును నిలుతుము.

కోయంబత్తూరు, మధురలలోని తెలుగు ఇండ్లలో వాట్సాప్ నిలుచుటకు మరియొక కారణము గలదు. నాయకరాజుల కాలమునుండి ఇక్కడ తెలుగు వినబడుచున్నను, ఇంట మాటలాడువారిలో పెక్కురకు లిపి రాదు. 2013లో అందు చేరిన గొంతు సందేశములకు లిపితో పనిలేదు. అమ్మమ్మ పలుకు దూరమున నున్న మనుమనికి తెలుగుననే చేరును. కాని విన్నంతమాత్రమున అక్షరము రాదు. కావున దినమునకొక వాక్యమైనను పిల్లలచే తెలుగులిపిలో వ్రాయించి, ఆ బంధువుల గుంపులోనే పంపింపుడు.