అనుభవం అక్కర్లేదంటే అక్కడే ఆగండి

డిగ్రీ చివరి ఏడాది పిల్లల ఫోన్లలో ఈ ప్రకటన తరచూ తిరుగుతుంటుంది. ఆఫ్రికాలోనో నేపాల్‌లోనో చిన్నపిల్లల క్లినిక్, రెండు వారాల సేవ, అనుభవం అక్కర్లేదు, చివర్లో సర్టిఫికెట్. ఫీజు ఎంతో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. విమాన టికెట్ మన ఖర్చే. "రెజ్యూమెలో బాగుంటుంది కదా సార్" అని ఆ విద్యార్థులు నన్ను అడుగుతారు. మీ అక్క కొడుక్కి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, నిన్ననే ఊళ్లోకి దిగిన డిగ్రీ కుర్రాడి చేతికి ఇస్తారా? ఉగాండాలోని తల్లి కూడా తల్లే.

అలాంటి క్లినిక్‌లో జరిగే పని చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల దండచుట్టుకు రంగుల టేపు చుట్టి కొలుస్తారు. 115 మిల్లీమీటర్ల కంటే తగ్గితే తీవ్ర పోషకాహార లోపం. అలా ఎండిపోయిన బిడ్డకు కడుపునిండా పెట్టాలనిపించడం ఎవరికైనా సహజం, పెడితేనే ప్రమాదం. ఉన్నట్టుండి ఎక్కువ ఆహారం పడితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోతాయి, గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పలుచని పాలు రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేపి, కొలిచి పడతారు. బిడ్డ కాస్త తేరుకుని ఆకలి చూపించాకే ఎఫ్-100కో, ప్లంపీనట్ లాంటి వేరుశనగ ముద్దకో మారుస్తారు. సెలైన్ ఎక్కించడంలోనూ అంతే జాగ్రత్త. ఇలాంటి చోట "పాపం, ఇంకో గ్లాసు పడదాం" అనుకునే వాలంటీర్ కంటే, గడియారం చూసి పని చేసే నర్సు మేలు.

ఉగాండాలోని జింజాలో వైద్య శిక్షణ లేని ఒక అమెరికన్ యువతి ఇలాంటి పిల్లల కోసమే కేంద్రం నడిపింది. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు 2019లో కోర్టుకెక్కారు. ఆరోపణల్ని ఆమె ఖండించింది. 2020లో తప్పు ఒప్పుకోకుండానే డబ్బుతో రాజీ కుదిరింది. సేవ చేయాలన్న ఆమె కోరికను నేను శంకించను. శిక్షణ లేకుండా ఆ పనిలోకి దిగడమే నా అభ్యంతరం.

క్లినిక్ పేరు చెప్పి పక్కనే ఉన్న అనాథాశ్రమంలో పిల్లల్ని ఎత్తుకుని ఆడించమంటే మాత్రం అసలు వెళ్లకండి. కంబోడియా ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడ్డానికి వచ్చే విదేశీయుల డబ్బే ఆశ్రమాల సంఖ్యను పెంచిందన్న విమర్శ గట్టిగా వచ్చింది. పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారంటూ అక్కడ 2011లో ప్రచారమే నడిచింది. పైగా రెండేళ్ల బిడ్డ రెండు వారాల్లో మీకు అలవాటు పడుతుంది. తర్వాత మీరు విమానం ఎక్కుతారు, ఇంకొకరు దిగుతారు. ఆ బిడ్డకు ఎన్నిసార్లు ఈ బెంగ?

మరి ఎవరు వెళ్లాలి? బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్ఎం చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరై, పిల్లల వార్డులోనో నవజాత శిశువుల ఎస్ఎన్‌సీయూలోనో కనీసం రెండేళ్లు గడిపినవాళ్లు. పిల్లల డాక్టర్లు, న్యూట్రిషనిస్టులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్‌కు 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అలాంటి సంస్థ వైద్య పనులకు తీసుకునేది వీళ్లనే, అదీ జీతమిచ్చి. స్టోర్లు, వాహనాలు, నీళ్లు, జమాఖర్చులు చూసేవాళ్లూ దానికి కావాలి కాబట్టి బీకామ్, ఇంజినీరింగ్ వాళ్లూ అనుభవం వచ్చాక ప్రయత్నించవచ్చు. జర్మనీలోని బాన్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం జీవన భత్యం ఇస్తుంది, దరఖాస్తుకు పైసా తీసుకోదు. దాని పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే అది మోసమే.

ఇంకా చదువుకుంటున్నవాళ్లు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. మన ప్రభుత్వాసుపత్రుల్లోని పోషకాహార పునరావాస కేంద్రాల్లో అదే టేపు, అవే పాలు. ఆ పాలనే ఇక్కడ స్టార్టర్ డైట్, క్యాచప్ డైట్ అంటారు. నర్సింగ్ విద్యార్థులైతే హైదరాబాద్ నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో పోస్టింగ్ దొరికితే తేలిగ్గా తీసుకోకండి. ఏజెన్సీలో కోయ, కొండరెడ్డి తల్లుల దగ్గర కూర్చుని బిడ్డ ఎందుకు తినడంలేదో అడిగి తెలుసుకోవడం నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా పనికొస్తారు. జింజా చుట్టుపక్కల తల్లులు మాట్లాడేది లుసోగా. అక్కడ స్థానిక సిబ్బందిలో ఒకామె పది మాటల్లో పూర్తిచేసే పనికి మన ఇంగ్లిష్ అడ్డం పడుతుంది. ఆ భాష రానప్పుడు రిజిస్టర్లు, మందుల స్టాకు, బరువు చూసే వరుస లాంటి పనులు అడిగి తీసుకోవడంలో చిన్నతనం లేదు.

ఎక్కడికి దరఖాస్తు పెట్టినా కొన్ని అడగండి. నా పక్కన రిజిస్టర్డ్ నర్సు ఉంటుందా? నాకు ముందు ఈ పని ఎవరు చేశారు, నేను వచ్చేశాక ఎవరు చేస్తారు? కనీసం ఎన్ని నెలలు ఉండాలి? వాళ్లు మిమ్మల్ని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతున్నారో లేదో కూడా చూడండి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా వచ్చే ఆ కాగితాన్ని అడగని సంస్థ, పిల్లల దగ్గరికి ఎవరినైనా రానిస్తున్నట్టే.

జీతం లేని పనే కదా అని టూరిస్ట్ వీసా మీద వెళ్లడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఉగాండా లాంటి దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

ఆ రెండు వారాల ఫీజుకు, టికెట్‌కు ఇంట్లో సర్దిపెట్టిన డబ్బు ఉందనుకోండి. నర్సింగ్ వాళ్లైతే దాంతో నవజాత శిశువుకు ఊపిరి అందించే ఎన్ఆర్‌పీ కోర్సు చేయండి. మిగిలింది హైదరాబాద్ అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ నేర్చుకోవడానికి పెట్టండి. నైజర్, చాద్, కాంగోల్లో పిల్లల వార్డు నడిచేది ఎక్కువగా ఆ భాషలోనే. మన నర్సుల్లో అది వచ్చినవాళ్లు ఇప్పటికీ అరుదు.