పూడ్చిన బావులు

పాఠ్యభాగము: ఆదికాండము 26:12–33

ఇస్సాకు అనగానే గుడారములు, మందలు తలంపునకు వచ్చును. గాని ఈ అధ్యాయములో అతడు రైతు. కరవు దినములలో గెరారున విత్తి, ఆ యేడే నూరంతల పంట కోసెను. ఇరుగుపొరుగువారి అసూయకు వేరు కారణము అక్కరలేకపోయెను. అబ్రాహాము కాలమున త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేసిరి.

వర్షము అరుదైన ఆ దక్షిణదేశములో బావి పూడ్చుట వింతైన పగ. ఆ నీరు పూడ్చినవారి పశువులకును పనికివచ్చునదే. తమకు నష్టమైనను సరే, ఎదుటివానికి దక్కకూడదు! గట్టు జానెడు జరిగినదని మొదలైన తగవులో రెండు కుటుంబములవారు పొలములమ్మి వాయిదాలకు తిరుగుట తెలుగు పల్లెలు ఎరిగినదే. నీళ్లు నిప్పులు ఇచ్చిపుచ్చుకొనుట మానిన ఆ యిండ్లలో, మనుమల కాలమునకు తగవు పుట్టిన విధము ఎవరికిని సరిగా జ్ఞాపకముండదు. నొప్పి మాత్రము మన్ను క్రింది నీటివలె నిలిచియుండును.

గెరారు తగవు కూడ తండ్రులనాటిదే. అబీమెలెకు దాసులు ఒక బావిని బలవంతముగా తీసికొనినందుకు అబ్రాహాము అతనిని నిలదీసెను. ఏడు గొఱ్ఱెపిల్లలను సాక్ష్యముగా ఇచ్చెను. ఇద్దరును ప్రమాణము చేసికొనిరి (21:25–31). అబ్రాహాము మృతిపొందిన పిదప బావులు పూడినవి.

ఇస్సాకు దాసులు త్రవ్విన బావుల పేర్లను హెబ్రీ భాషలో పరిశీలింపవలెను. ఏశెకు అనగా జగడము. శిత్నా అనగా విరోధము. ‘సాతాను’ అను మాటకు దగ్గరి చుట్టము. ఎజ్రా 4:6లో యూదావారిమీద రాజునకు వ్రాసి పంపిన నేరారోపణకు ఇదే మాట వాడబడినది. జగడము ముదిరి ఫిర్యాదగుట ఏ కోర్టు గుమాస్తాకైనను తెలిసినదే. మూడవది రహెబోతు, అనగా విశాలత. ప్రసంగములు తరచు ఇక్కడనే ముగియును. అయితే రహెబోతున జగడము లేకపోవుటకు ముందు ఇస్సాకు అక్కడనుండి తరలిపోవలసి వచ్చెను. అది ఎడబాటే గాని సమాధానము కాదు.

సమాధానము బెయేర్షెబాలో ఆరంభమాయెను. అబీమెలెకు తన స్నేహితునితోను సేనాధిపతితోను వచ్చినప్పుడు ఇస్సాకు మర్యాదమాటలతో మొదలుపెట్టలేదు. తనను ద్వేషించి పంపివేసినవారు ఇప్పుడు తనయొద్దకు రానేలయని సూటిగా అడిగెను (27 వ.). వచ్చినవారి జవాబు ఆశ్చర్యకరము. తాము అతనికి మేలే గాని మరేమియు చేయలేదట (29 వ.)! పూడ్చిన బావుల ఊసే లేదు. వారు నిజముగా ఆలాగే నమ్మియుండవచ్చును. కొట్టినవాని జ్ఞాపకము పొట్టిది.

ఊరి పెద్దమనుష్యులు సాధారణముగా, అయినదేదో అయినది, మరచిపొండని చెప్పి చేతులు కలిపింతురు. ఇస్సాకు మరచిపోలేదు. వారిచేత తప్పు ఒప్పించుటకు పట్టుపట్టనూ లేదు. తన బాధను వారి ముఖముననే చెప్పి, పిమ్మట వారికి విందు చేయించెను. తెల్లవారినప్పుడు ప్రమాణము జరిగెను. అతడే వారిని సాగనంపెను.

ఆ దినముననే దాసులు వచ్చి, తాము త్రవ్వుచున్న బావిలో నీరు పడినదని తెలిపిరి. ఇస్సాకు దానికి తన తండ్రి చేసిన ప్రమాణమును జ్ఞప్తికి తెచ్చు పేరు పెట్టెను: షేబ.