నాచు మేసే నోళ్లు

రామాపురం

చిట్టితల్లీ,

ముళ్లబంతుల్లా ఉండే సీ అర్చిన్లు పగడపు దిబ్బలకు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అని రాశావు. చదువు కోసం మన్నార్ సింధుశాఖ ఒడ్డునున్న మండపం వెళ్లి దిబ్బలను చూడబోయే ముందు రావలసిన ప్రశ్నే ఇది. మన రామాపురం తీరంలో దిబ్బలను చూసే వీల్లేదు. పగడాలకు తేటనీరు, ఎండ, గట్టి రాతినేల కావాలి. మనకున్నది ఇసుక, బురద. దానికి తోడు వరదల కాలంలో రేపల్లె అవతల కృష్ణమ్మ ఒండ్రునీళ్లు తెచ్చి పోస్తుంది. అందుకే దిబ్బలు కావాలంటే మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోవాలి.

అక్కడ అర్చిన్ డొల్ల దొరికితే చేతిలోకి తీసుకుని నిదానంగా చూడు. ముళ్లు రాలిన గుండ్రటి పెంకు మీద సన్నటి రంధ్రాలు ఐదు పట్టీలుగా పైనుంచి కిందికి దిగి ఉంటాయి. బతికున్నప్పుడు వాటిలోంచే మెత్తటి గొట్టంకాళ్లు బయటికొస్తాయి. నోరు అడుగున ఉంటుంది. లోపలి దవడకు ఐదు పళ్లు. ఆ దవడను అరిస్టాటిల్ లాంతరు అంటారు. పళ్లు అరిగేకొద్దీ పెరుగుతూనే ఉంటాయి, పదును పోదు. వాటితోనే అది రాయి మీది నాచును గీకి తింటుంది.

ఆ గీకుడులోనే దిబ్బ బతుకు ఉందమ్మా. పగడపు పిల్ల నీళ్లలో తేలుతూ వచ్చి ఏదో ఒక రాతిమీద కుదురుకోవాలి. అక్కడ నాచు దట్టంగా ఉంటే దానికి చోటుండదు, కుదురుకున్నా వెలుతురు అందదు. వరిచేలో కలుపు తీసేవాళ్లు లేకపోతే పైరు ఏమవుతుందో నువ్వు చూశావుగా. దిబ్బ మీద ఆ పని చేసేవి అర్చిన్లు, చిలుక చేపల లాంటి నాచుమేపు చేపలు.

ఇక జమైకా సంగతి విను. అక్కడ నాచు మేసే చేపలను ఏళ్ల తరబడి విపరీతంగా పట్టేశారు. అయినా దిబ్బకు ఏమీ కాలేదు. కారణం, డయడెమా అనే నల్లటి పొడవు ముళ్ల అర్చిన్ ఆ చేపల వంతు పని కూడా చేసింది. 1983 జనవరిలో పనామా కాలువ దగ్గర డయడెమాలు చావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ చావు కరీబియన్ సముద్రమంతా పాకింది. నూటికి 93కు పైగా పోయాయి. 1970ల చివర్లో జమైకా దిబ్బల మీద సగానికి పైగా పరుచుకున్న పగడం, 1990ల మొదటికి 5 శాతం లోపుకు పడిపోయింది. 4 శాతం ఉన్న నాచు 92 శాతానికి చేరింది. 1980లో వచ్చిన అలెన్ తుఫాను దెబ్బ నుంచి తేరుకోవలసిన దిబ్బ, మేసే నోరు లేక నాచుకింద పడిపోయింది.

కోలుకోవడం ఎందుకంత ఆలస్యమైందో కూడా తెలుసుకో. అర్చిన్లు గుడ్లను, వీర్యాన్ని నీళ్లలోకే వదులుతాయి. ఆడా మగా దూరదూరంగా మిగిలితే అవి కలిసే అవకాశం తక్కువ. అయినా 2000 నాటికి జమైకాలోని డిస్కవరీ బే చుట్టుపక్కల డయడెమాలు తిరిగి గుమిగూడిన చోట్ల నాచు తగ్గింది. పక్కనున్న నాచు ప్రాంతాలతో పోలిస్తే అక్కడ పిల్లపగడాలు 11 రెట్ల దాకా ఎక్కువగా కనిపించాయి. 2022లో కరీబియన్‌లో మళ్లీ చావులొచ్చాయి. ఈసారి కారకుణ్ణి త్వరగానే పట్టుకున్నారు. అది ఫిలాస్టర్ ప్రజాతికి దగ్గరి ఏకకణ జీవి. ఆ జబ్బు ఎర్రసముద్రంలోనూ, మన హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవి దగ్గరా బయటపడింది.

అలాగని అర్చిన్లు ఎన్ని ఉంటే అంత మంచిదనుకోకు. కెన్యాలో వాటిని తినే ట్రిగ్గర్ చేపలను పట్టేయడంతో అర్చిన్లు మితిమీరాయి. నాచుతో ఆగక పగడపు గూటినే అరగదీశాయి. ఇక సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారిపోతుంటే అర్చిన్లు నీళ్లను చల్లార్చలేవు. తెల్లబారి చచ్చిన చోట కొత్త పగడం మొలవడానికి రాతిని శుభ్రంగా ఉంచడం వరకే వాటి చేతిలో ఉంది.

కాబట్టి మేలా కీడా అని అడగడం మానేయ్. ఎన్ని ఉన్నాయి, వాటితోపాటు మేసేవి ఇంకెవరు, వాటిని తినేవి ఎవరు అని అడుగు. ఒక పని రెండు జాతులు చేస్తున్నప్పుడు ఒకటి పోయినా పైకి ఏమీ తెలియదు. జమైకాలో చేపలు పోయిన నష్టం అర్చిన్లు చచ్చాకే కనిపించింది. పైకి బాగున్న దిబ్బ కూడా అప్పటికే ఒంటి స్తంభం మీద నిలబడి ఉండొచ్చు. మన వైపు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట ఆపుతారు కదా, అలా చేపకు తెరిపి ఇవ్వడం దిబ్బలున్న సముద్రంలోనైతే నాచు మేసేవాటిని కూడా కాపాడుతుంది.

జమైకాలో నష్టాన్ని లెక్కగట్టగలిగారంటే, దిబ్బ బాగున్న రోజుల్లోనే కొందరు ఓపికగా కొలిచి రాసిపెట్టారు కాబట్టి. నువ్వూ అదే చెయ్యి. మండపంలో ఒక్క చదరపు మీటరు ఎంచుకుని పగడం ఎంత, నాచు ఎంత, అర్చిన్లు ఎన్ని అన్నది తేదీతో సహా రాయి. సెలవులకు వచ్చినప్పుడు మన ఒడ్డున వలలో పడ్డ రకాలు కూడా రాయి. ఏమీ విశేషం లేని రోజున రాసిన లెక్కే రేపటివాళ్లకు అన్నిటికంటే అక్కరకొస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య